మిలటరీ సంసారం కోర్టుకెక్కితే: డిక్రీ ఒక ఎత్తు, రికార్డ్ ఆఫీసు మరో ఎత్తు

సైన్యంలో పనిచేసేవాళ్లకు విడాకుల చట్టం వేరేగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలాంటిదేమీ లేదు. హిందువులకు 1955 నాటి హిందూ వివాహ చట్టం, క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం, ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నవాళ్లకు ఆ 1954 చట్టం, కోర్టుకు వెళ్లే ముస్లిం మహిళకు 1939 నాటి చట్టం. ఊళ్లో ఉన్న టీచరుకు ఏది వర్తిస్తుందో జమ్మూలో ఉన్న హవల్దారుకూ అదే వర్తిస్తుంది. విడాకులు ఇవ్వాల్సింది ఫ్యామిలీ కోర్టే. కమాండింగ్ ఆఫీసర్ పెళ్లిని రద్దు చేయలేడు, విడాకులను ఆపనూ లేడు.

తేడా అంతా చుట్టూ ఉన్న వ్యవహారంలో ఉంది. నోటీసు అందే తీరు, వాయిదాలకు దొరికే టైము, భరణం వసూలయ్యే దారి, డిక్రీ వచ్చాక భార్య కోల్పోయే హక్కులు మామూలు కేసుల్లో లాగా ఉండవు. కోర్టు ఫైలు ఒకటి నడుస్తుంటే, సైన్యంలో ఆ జవాను సర్వీసు ఫైలు దాని పద్ధతిలో అది నడుస్తుంటుంది. ఒక దాంట్లో జరిగింది ఇంకోదాంట్లో తనంతట తాను ఎక్కదు. మరీ ముఖ్యంగా భార్య విషయంలో, సైన్యం ద్వారా దొరికే సాయమంతా ఆమె చట్టప్రకారం భార్యగా ఉన్నన్నాళ్లే. అందుకే విడాకులు వస్తాయా రావా అన్నదానికంటే, ఏ పని డిక్రీకి ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి అన్నదే ఇలాంటి కేసుల్లో అసలు ప్రశ్న అని నా అభిప్రాయం.

శ్రీకాకుళం, ప్రకాశం జిల్లాల్లో, 'మిలటరీ మాధవరం' అని పిలుచుకునే పశ్చిమ గోదావరి జిల్లా ఊళ్లో ఇంటికొకరు సైన్యంలో ఉన్న వీధులు కనిపిస్తాయి. అలాంటి ఊళ్లవాళ్లకు ఉపయోగపడేలా, ఆర్మీలో ఉన్న హిందూ దంపతుల కేసునే ప్రధానంగా తీసుకుంటాను. నేవీకి 1957 చట్టం, వైమానిక దళానికి 1950 చట్టం ఉన్నాయి. సెక్షన్ల నంబర్లు మారతాయి కానీ పద్ధతి చాలావరకు ఇదే.

కేసు ఎక్కడ వేయాలి, నోటీసు ఎలా అందుతుంది

భర్త పోస్టింగ్ పంజాబ్‌లో. పెళ్లి టెక్కలిలో జరిగింది. ఇద్దరూ చివరగా కలిసి ఉన్నది జలంధర్ క్వార్టర్లో. ఇప్పుడు భార్య పుట్టింట్లో ఉంటోంది. హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్ ప్రకారం పెళ్లి జరిగిన చోట, ఎదుటి పక్షం ఉంటున్న చోట, ఇద్దరూ చివరిగా కలిసి ఉన్న చోట కేసు వేయవచ్చు. 2003 సవరణ తర్వాత భార్య తాను ఉంటున్న చోటే వేసుకునే వీలు కూడా వచ్చింది. కాబట్టి ఆమె జలంధర్ దాకా వెళ్లనక్కర్లేదు. భర్తే ముందుగా ఎక్కడో దూరాన కేసు వేస్తే, దాన్ని తన ఊరికి మార్చమని ఆమె అడగవచ్చు. ఒకే రాష్ట్రంలోనైతే హైకోర్టును, వేరే రాష్ట్రమైతే సుప్రీంకోర్టును అడగాలి.

అసలు చిక్కు నోటీసు దగ్గర వస్తుంది. చాలామంది భార్యల దగ్గర ఉండే అడ్రసు "కేరాఫ్ 56 ఏపీఓ" లేదా "99 ఏపీఓ" అన్నంతవరకే. అది సైనిక తపాలా అడ్రసు. యూనిట్ ఎక్కడుందో అది చెప్పదు, చెప్పకూడదు కూడా. అయినా దాంతో పని జరుగుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 5వ ఆర్డర్ 28వ రూల్ ప్రకారం సైనికుడికి సమన్లను అతని కమాండింగ్ ఆఫీసర్ ద్వారా పంపాలి. దానికి ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ పేరు కావాలి. యూనిట్ మారిపోయి ఉంటే, జవాన్ల సర్వీసు ఫైళ్లు ఉండే రికార్డ్ ఆఫీసును అడగాలి. ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల విభాగం), ఏఓసీ (ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్) వాళ్ల రికార్డ్ ఆఫీసులు సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఆర్టిలరీది నాసిక్‌లో, మద్రాస్ రెజిమెంట్‌ది వెల్లింగ్టన్‌లో ఉంది. ఆర్మీ నంబరు డిపెండెంట్ కార్డు మీదో, క్యాంటీన్ కార్డు మీదో ఉంటుంది. గొడవ ముదరకముందే ఆ నంబరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోవడం మంచిది.

కోర్టుకు రాలేని జవాను

ఇప్పుడు అటువైపు నుంచి చూద్దాం. జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ లీవు. అది కూడా యూనిట్ వీలు చూసి ఇస్తారు. ఫ్యామిలీ కోర్టు వాయిదా ఆ సెలవు చూసుకుని పడదు. అతను రెండు రోజులు రైల్లో కూర్చుని వస్తాడు, ఆ రోజు జడ్జి గారు సెలవులో ఉంటారు. సైనికుల కేసుల్లో ఇది తరచూ వినిపించే గోడు.

దీనికి చట్టంలో మందు ఉంది, వాడేవాళ్లే తక్కువ. ఆర్మీ చట్టం 32వ సెక్షన్ ప్రకారం, కేసు పని మీద సెలవు మంజూరైందని, లేదా అడిగాడని సైనిక అధికారి ఇచ్చిన సర్టిఫికెట్ చూపిస్తే, వీలైనంతవరకు ఆ సెలవు లోపలే విచారణ ముగించేలా కోర్టు ఏర్పాటు చేయాలి. కుదరకపోతే ఎందుకు కుదరలేదో కారణం రాయాలి. ఆ కాపీని అతను అడిగితే ఉచితంగా ఇవ్వాలి. జిల్లా కోర్టుల్లో చాలామంది లాయర్లు ఈ సెక్షన్ పేరు కూడా ఎత్తరు. సెలవు మంజూరవగానే యూనిట్ నుంచి ఆ సర్టిఫికెట్ తీసుకుని, సెలవు మొదలవడానికి ముందే కోర్టులో పిటిషన్ వేయించాలి. సెలవు చివరి వారంలో వేస్తే ప్రయోజనం ఉండదు.

సెలవే దొరకని పరిస్థితిలో సివిల్ ప్రొసీజర్ కోడ్ 28వ ఆర్డర్ ఉంది. కమాండింగ్ ఆఫీసర్ సమక్షంలో సంతకం చేసి, తండ్రికో అన్నకో కేసు నడిపే అధికారం ఇవ్వవచ్చు. సాక్ష్యం మాత్రం అతనే చెప్పాల్సి ఉంటుంది. కోవిడ్ తర్వాత హైకోర్టులు చేసిన వీడియో కాన్ఫరెన్స్ నియమాల వల్ల జడ్జి అనుమతిస్తే ఆ పని యూనిట్ నుంచే జరగవచ్చు.

యుద్ధ పరిస్థితుల్లోనో, చట్టం చెప్పిన ప్రత్యేక పరిస్థితుల్లోనో పనిచేస్తున్నవాళ్లకు 1925 నాటి భారత సైనికుల వ్యాజ్యాల చట్టం ఇంకో రక్షణ ఇస్తుంది. అతను రాలేడు, తరఫున మాట్లాడేవాళ్లూ లేరు అని తేలితే కోర్టు కేసును తాత్కాలికంగా ఆపి సైనిక అధికారులకు తెలియజేయాలి. అలా ఉండగా అతని వెనకాల ఎక్స్‌పార్టీ డిక్రీ (ఒక పక్షం హాజరు కాకుండానే ఇచ్చే తీర్పు) వచ్చేస్తే దాన్ని పక్కన పెట్టమని అడిగే దారీ ఉంది. భార్య తరఫు లాయరు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఫీల్డ్‌లో ఉన్నవాడి మీద త్వరగా ఎక్స్‌పార్టీ డిక్రీ తెచ్చుకున్నామని సంబరపడితే, రెండేళ్ల తర్వాత ఆ కేసు మళ్లీ మొదటికి రావచ్చు.

దూరంగా ఉంటే విడిగా ఉన్నట్టేనా?

మిలటరీ దంపతుల్లో ఇద్దరూ ఏడాదిలో పది నెలలు విడిగానే ఉంటారు. మరి రెండేళ్లు వదిలేసి వెళ్లారన్న కారణం, పరస్పర అంగీకార విడాకులకు కావాల్సిన ఏడాది ఎడబాటు, ఇవి ఎలా లెక్కేస్తారు?

డ్యూటీ మీద దూరంగా ఉండటం వదిలేయడం కాదు. సంసారం ముగించాలన్న ఉద్దేశం రుజువు కావాలి. ఫీల్డ్ ఏరియాకు కుటుంబాన్ని అనుమతించరు కాబట్టి, భార్య అక్కడికి రాలేదని భర్త ఫిర్యాదు చేయలేడు. అలాగే పరస్పర అంగీకార కేసులో "విడిగా ఉండటం" అంటే భార్యాభర్తలుగా బతకకపోవడమే, ఇల్లు వేరా ఒకటా అన్నది కాదని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. ఫీల్డ్‌లో ఉన్న ఏడాదంతా రోజూ ఫోన్లో మాట్లాడుకుని, డబ్బు పంపుకుని, సెలవుకొచ్చి కలిసి ఉన్న జంట ఆ ఏడాదిని ఎడబాటుగా చూపలేదు. ఎప్పటి నుంచి సంసారం ఆగిందో ఇద్దరూ ఒకే తేదీ చెప్పగలగాలి.

ఇద్దరూ ఒప్పుకుంటే హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ దారి సులువైనది. మొదటి పిటిషన్‌కూ రెండో దానికీ మధ్య ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలలు తప్పనిసరి కాదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మొదటి పిటిషన్ వేసేటప్పటికే ఏడాదిన్నర ఎడబాటు పూర్తయి, రాజీ ప్రయత్నాలు విఫలమై, భరణం, పిల్లల సంగతి తేలిపోయి ఉంటే కోర్టు ఆ గడువును మాఫీ చేయవచ్చు. ఒకే సెలవులో పని ముగించుకోవాలనుకునే జవానుకు ఇంతకంటే మంచి అవకాశం లేదు. కానీ మాఫీ అడగడానికి ముందు ఆర్థిక ఒప్పందం పక్కాగా రాసుకోవాలి. దాని గురించి కింద చెబుతాను.

ఒక్కరే కోరుకుంటే 13వ సెక్షన్ కింద కారణం చూపాలి. క్రూరత్వం, వివాహేతర సంబంధం, రెండేళ్లు వదిలేయడం వంటివి. సంసారం ఇక అతకదు అన్నది మాత్రమే కారణంగా చూపి ఫ్యామిలీ కోర్టులో విడాకులు రావు. ఆ అధికారం రాజ్యాంగం 142వ అధికరణ కింద సుప్రీంకోర్టుకే ఉందని 2023 మే 1న రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

డబ్బు: ఆర్మీ దారి, కోర్టు దారి

వ్యవహారంలో లోతైన భాగం ఇదే. ఎక్కువ అపోహలూ ఇక్కడే.

సైనికుడి భార్యకు మామూలు భార్యకు లేని ఒక హక్కు ఉంది. కోర్టు గడప తొక్కకుండానే భర్త జీతంలోంచి పోషణ ఖర్చు ఇప్పించమని సైన్యాన్ని అడగవచ్చు. ఆర్మీ చట్టం 90(ఐ) సెక్షన్ అధికారుల జీతాల గురించి, 91(ఐ) మిగతా ర్యాంకుల గురించి చెబుతాయి. 2001 నాటి ఆర్మీ ఆర్డర్ 2 ప్రకారం భార్యకు జీతభత్యాల్లో 22 శాతం వరకు, ఒక్కో బిడ్డకు 5.5 శాతం వరకు, మొత్తం కలిపి 33 శాతానికి మించకుండా కోత పెట్టవచ్చు. ఉదాహరణకు జీతభత్యాలు 60,000 అనుకుంటే భార్యకు 13,200, ఇద్దరు పిల్లలకు 6,600, మొత్తం 19,800 దాకా రావచ్చు. ఇవి గరిష్ఠ పరిమితులు. అడిగిన ప్రతి ఒక్కరికీ అంతా ఇస్తారని కాదు. ఆమెకు సొంత ఆదాయం ఉందా, ఎందుకు విడిగా ఉంటోంది అన్నది చూస్తారు.

దరఖాస్తు భర్త యూనిట్‌కో, రికార్డ్ ఆఫీసుకో పంపాలి. పెళ్లి వివరాలు, పిల్లల వివరాలు, తన ఆదాయం, కోర్టులో ఏవైనా కేసులు నడుస్తున్నాయా అన్నది దాచకుండా రాయాలి. ఆ మీదట భర్తకు షోకాజ్ నోటీసు ఇచ్చి, అతని జవాబు తీసుకుని, ఉన్నతాధికారి నిర్ణయిస్తారు. నెలలు పట్టే పనే. కానీ ఒకసారి కోత మొదలైతే జీతం పడే ముందే భార్య వాటా పక్కకు వచ్చేస్తుంది. భర్తను బతిమాలే పని ఉండదు. ఆ నిర్ణయం అన్యాయమనిపిస్తే భర్త సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దాని చెన్నై బెంచ్ పరిధిలోకి వస్తాయి.

ఈ దారికి రెండు హద్దులున్నాయి. ఒకటి, ఆ సెక్షన్లు భార్యకూ పిల్లలకూ వర్తిస్తాయి. విడాకుల డిక్రీ వచ్చాక భార్య హోదాలో అడగడానికి ఆధారం పోతుంది, పిల్లల హక్కు మిగులుతుంది. రెండు, ఇది జీతంలోంచి కోత. భర్త రిటైరై పెన్షన్ మీదకు వెళితే ఈ కోత కూడా అక్కడితో ఆగుతుంది. జవాను పదిహేనేళ్ల సర్వీసుకే పెన్షన్‌తో రాగలడు కాబట్టి, నలభై నిండకముందే ఈ దారి మూసుకుపోయే కుటుంబాలు తక్కువేం కాదు.

అందుకే కోర్టు దారిని వదులుకోకూడదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 125వ సెక్షనే ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. దీని కింద విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లి చేసుకోని మహిళ కూడా మనోవర్తి అడగవచ్చు. మధ్యంతర భరణం దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టమే చెబుతోంది. విడాకుల కేసులోనే హిందూ వివాహ చట్టం 24 కింద మధ్యంతర భరణం, 25 కింద శాశ్వత భరణం ఉన్నాయి. ఇవి భర్త కూడా అడగగలిగే సెక్షన్లు. భార్య మిలటరీ నర్సుగానో అధికారిగానో ఉండి భర్తకు ఆదాయం లేకపోతే లెక్క తిరగబడుతుంది.

ఆర్మీ పెట్టుకున్న 22 శాతం పరిమితి ఆర్మీ అధికారులకే. కోర్టుకు అది గీత కాదు. కోర్టు ఇద్దరి ఆస్తులు, ఆదాయాలు, అవసరాలు చూసి ఎక్కువా ఇవ్వవచ్చు, తక్కువా ఇవ్వవచ్చు. 2020 నవంబరులో సుప్రీంకోర్టు పెట్టిన పద్ధతి ప్రకారం ఇద్దరూ ఆస్తి అప్పుల అఫిడవిట్ వేయాలి, భరణం దరఖాస్తు తేదీ నుంచే లెక్కించాలి, ఒక చోట వచ్చింది ఇంకో చోట సర్దుబాటు చేయాలి. ఆర్మీ కోత ద్వారా వస్తున్న డబ్బును ఆ అఫిడవిట్‌లో చెప్పకుండా దాచడం భార్యకే నష్టం. అది బయటపడటానికి ఒక్క జీతం స్లిప్పు చాలు.

వసూలు దగ్గర మళ్లీ ముడి పడుతుంది. ఆర్మీ చట్టం 28వ సెక్షన్ సైనికుడి జీతాన్ని సివిల్, రెవెన్యూ కోర్టులు జప్తు చేయకూడదంటుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కూడా ఆ మాటే చెబుతుంది. కాబట్టి ఫ్యామిలీ కోర్టు డిక్రీ పట్టుకెళ్లి మామూలు ఉద్యోగి జీతాన్ని అటాచ్ చేయించినట్టు చేయించడం కుదరదు. అప్పుడేం చేస్తారు? ఆ కోర్టు ఉత్తర్వును జతచేసి మళ్లీ 90, 91 సెక్షన్ల కింద సైన్యాన్నే కోత పెట్టమని అడుగుతారు. లేదా మేజిస్ట్రేట్ దారి పడతారు. గృహహింస చట్టం 20(6) ప్రకారం ఉత్తర్వు ప్రకారం చెల్లించకపోతే జీతంలో కొంత భాగం నేరుగా ఆమెకు ఇవ్వమని యజమానిని ఆదేశించే అధికారం మేజిస్ట్రేట్‌కు ఉంది. 28వ సెక్షన్లో ఉన్నది సివిల్, రెవెన్యూ కోర్టుల పేర్లే కాబట్టి మేజిస్ట్రేట్‌కు అది అడ్డు కాదని లాయర్లు వాదిస్తారు. ఇక మనోవర్తి ఎగ్గొడితే వారెంటు, బకాయి పడ్డ ఒక్కో నెలకు నెల రోజుల వరకు జైలు. యూనిఫాంలో ఉన్నవాడికి జైలు అంటే ఉద్యోగానికే గండం. చాలా బకాయిలు ఆ భయంతోనే కదులుతాయి.

పెన్షన్‌లో సగం?

ఇంటర్నెట్‌లో వెతికితే "పదేళ్లు కాపురం చేస్తే మిలటరీ పెన్షన్‌లో వాటా" అన్న మాట కనిపిస్తుంది. అది అమెరికా సంగతి. అక్కడ 1982 చట్టం వల్ల రాష్ట్ర కోర్టులు సైనిక పెన్షన్‌ను ఉమ్మడి ఆస్తిగా చూసి పంచగలవు. పదేళ్ల నిబంధన కూడా వాటా పుట్టడానికి కాదు, ఆ వాటాను ప్రభుత్వమే నేరుగా మాజీ భార్యకు పంపడానికి పెట్టింది. అమెరికా సైన్యంలో ఉన్న తెలుగువాళ్లకు అది వర్తిస్తుంది. ఇండియన్ ఆర్మీలో ఉన్నవాళ్లకు కాదు.

మన దగ్గర పెళ్లయ్యాక సంపాదించిందంతా సగం సగం అనే సూత్రమే లేదు. పెన్షన్ అతనిది. దాన్ని ఆదాయంగా లెక్కేసి భరణం నిర్ణయిస్తారు, అంతే. 1871 నాటి పెన్షన్ల చట్టం జప్తు నుంచి పెన్షన్‌ను కాపాడుతుంది. భార్య భరణం విషయంలో ఆ రక్షణ పనిచేయదని తీర్పులిచ్చిన హైకోర్టులూ ఉన్నాయి.

ఫ్యామిలీ పెన్షన్ దీనికంటే పెద్ద విషయం, దాన్నే తక్కువమంది ఆలోచిస్తారు. భర్త చనిపోతే భార్యకు వచ్చేది అది. మామూలుగా చివరి జీతంలో 30 శాతం. సర్వీసు కారణంగా మరణిస్తే 60 శాతం. యుద్ధంలో మరణిస్తే చివరి జీతమంతా. విడాకుల డిక్రీతో మాజీ భార్యకు ఈ హక్కు పూర్తిగా పోతుంది. భర్త తర్వాత పెళ్లి చేసుకుంటే, ఆ పెళ్లి రిటైరయ్యాక జరిగినా సరే, కొత్త భార్యకు వస్తుంది. మొదటామె పిల్లల హక్కు మాత్రం పోదు. అదే విడాకుల కేసు నడుస్తుండగా, డిక్రీ రాకముందే అతను మరణిస్తే ఆమె చట్టప్రకారం వితంతువే. అత్తమామలు ఎన్ని కాగితాలు చూపినా, పెండింగ్ కేసు పెళ్లిని రద్దు చేయదు. నలభై అయిదేళ్ల వయసులో, ఇరవై ఏళ్ల సంసారం తర్వాత విడాకులకు సంతకం చేసే మహిళ ఒకేసారి తీసుకునే మొత్తం మీద బేరమాడేటప్పుడు, తాను వదులుకుంటున్న వాటిలో ఇది అన్నిటికంటే పెద్దదని తెలుసుకుని బేరమాడాలి.

సీఓ గారికి ఉత్తరం

భర్త వేధిస్తున్నాడనో, డబ్బు పంపడం లేదనో భార్య రాసే మొదటి ఉత్తరం తరచుగా కమాండింగ్ ఆఫీసర్‌ (సీఓ)కే. సైన్యం దాన్ని పట్టించుకుంటుంది కూడా. జవాను మనసు ఇంటి మీద ఉంటే డ్యూటీ దెబ్బతింటుందని యూనిట్‌కు తెలుసు. సీఓ పిలిచి మాట్లాడితే సర్దుకున్న కాపురాలు ఉన్నాయి.

కానీ ఆ కలం రెండువైపులా కోస్తుంది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందుకు ఒక ఆర్మీ అధికారి కేసు వచ్చింది. భార్య సైనిక ఉన్నతాధికారులకు వరసగా ఫిర్యాదులు పంపడంతో కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (సైన్యం లోపలి విచారణ) జరిగి, అతని ప్రమోషన్ అవకాశాలు దెబ్బతిన్నాయి. మధ్యతరగతి సంసారాల్లో ఇలాంటివి మామూలేనని హైకోర్టు భావించింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. భర్త ఉద్యోగానికి, పరువుకు నష్టం చేసే ఆరోపణలు మానసిక క్రూరత్వమేనని చెప్పి అతనికి విడాకులు ఇచ్చింది.

దీన్ని చూసి భయపడి ఉత్తరమే రాయకూడదనడం తప్పు. పోషణ ఖర్చు ఇప్పించమని ఆర్మీ ఆర్డర్ ప్రకారం దరఖాస్తు పెట్టడం చట్టం ఇచ్చిన హక్కు. రుజువులేని ఆరోపణలను పది ఆఫీసులకు కాపీలు పెట్టడం వేరే పని. మొదటిది ఆమెకు బలం, రెండోది భర్త విడాకుల పిటిషన్‌కు ఆధారం. కోపం మీద రాసిన ఉత్తరాన్ని పంపే ముందు లాయరుకు చూపించడం అవసరం.

వివాహేతర సంబంధాల విషయంలో కూడా సైన్యం లెక్క వేరు. 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు ఐపీసీ 497ను కొట్టేసింది కాబట్టి అది ఇప్పుడు నేరం కాదు. విడాకులకు కారణంగా మాత్రం మిగిలింది. రక్షణ శాఖ మళ్లీ కోర్టుకు వెళ్లింది. కుటుంబానికి దూరంగా కష్టమైన చోట్ల పనిచేసే జవాన్లకు ఇంటి గురించి టెన్షన్ ఉంటుందని, క్రమశిక్షణ నిలవాలంటే చర్య తీసుకునే అధికారం కావాలని అడిగింది. ఆ తీర్పు సాయుధ దళాల చట్టాల గురించి కాదని 2023 జనవరి 31న అయిదుగురు జడ్జీల ధర్మాసనం స్పష్టం చేసింది. కాబట్టి తోటి అధికారి భార్యతో సంబంధం పెట్టుకున్న అధికారి మీద ఆర్మీ చట్టం 45వ సెక్షన్ కింద అనుచిత ప్రవర్తన అనో, 63 కింద క్రమశిక్షణ ఉల్లంఘన అనో ఇప్పటికీ కోర్ట్ మార్షల్ జరగవచ్చు. ఉద్యోగం పోవచ్చు. పౌరురాలైన భార్య మీద ఆర్మీ చట్టం కింద ఏ చర్యా ఉండదు. ఆ చట్టానికి మామూలుగా లోబడేది యూనిఫాం వేసుకున్నవాళ్లే.

స్టాంపు కాగితం విడాకులు

మన ఊళ్లలో ఇంకా జరిగే పని ఒకటుంది. పెద్దమనుషులు కూర్చుంటారు, వంద రూపాయల స్టాంపు కాగితం మీద "ఈ రోజు నుంచి ఒకరితో ఒకరికి సంబంధం లేదు" అని రాయిస్తారు, ఇద్దరితో వేలిముద్రో సంతకమో పెట్టిస్తారు, నోటరీ ముద్ర వేయిస్తారు. అందరూ విడాకులైపోయాయనుకుంటారు. కాలేదు. కులాచారం ప్రకారం విడాకులను హిందూ వివాహ చట్టం 29(2) గుర్తిస్తుంది, కానీ ఆ ఆచారం పూర్వం నుంచీ ఉందని కోర్టులో రుజువు చేయాలి. అది చెప్పినంత తేలిక కాదు.

మామూలు మనిషి ఈ కాగితంతో రెండో పెళ్లి చేసుకుని ఏళ్ల తరబడి ఎవరికీ తెలియకుండా బతికేయవచ్చేమో. సైనికుడికి ఆ వీలు లేదు. కొత్త భార్య పేరు సర్వీసు రికార్డులో ఎక్కాలంటే మొదటి పెళ్లి ఏమైందని అడుగుతారు. కోర్టు డిక్రీ లేకపోతే ఆర్మీ రెగ్యులేషన్స్ 333వ పేరా కింద బహుభార్యత్వం వ్యవహారం మొదలవుతుంది, ఉద్యోగంలోంచి పంపేదాకా వెళ్లవచ్చు. భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు అదనం. రెండో ఆమెకు ఫ్యామిలీ పెన్షన్ రాదు. పాపం, తప్పు ఆమెది కాకపోయినా.

డిక్రీ వచ్చినవాళ్లు కూడా అప్పీలు గడువు ముగిసేదాకా మళ్లీ పెళ్లి చేసుకోకూడదు. హిందూ వివాహ చట్టం 15వ సెక్షన్ ఆ సంగతి చెబుతుంది.

పార్ట్ టూ ఆర్డర్, క్వార్టర్, కార్డులు

సైన్యంలో పెళ్లి, పిల్లలు, విడాకులు అన్నీ పార్ట్ టూ ఆర్డర్ ద్వారా రికార్డుకు ఎక్కుతాయి. పెళ్లయి రెండేళ్లయినా పార్ట్ టూ పడలేదని తెలుసుకునే భార్యలున్నారు. అలాంటప్పుడు పోషణ దరఖాస్తు పెట్టినా ముందు పెళ్లి రుజువు చేసుకోవాల్సి వస్తుంది. పెళ్లి ఫోటోలు, వివాహ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, పిల్లల జనన ధ్రువీకరణ పత్రాలు దగ్గర పెట్టుకోవాలి.

విడాకులప్పుడు కూడా డిక్రీ సర్టిఫైడ్ కాపీ యూనిట్‌కు చేరి, పార్ట్ టూ పడితేనే రికార్డు మారుతుంది. అంతవరకు పాత పేరే ఉంటుంది. జవానులు మర్చిపోయేది నామినేషన్లు. ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్‌కు, ప్రావిడెంట్ ఫండ్‌కు నామినేషన్ విడివిడిగా మార్చాలి. మార్చకుండా పోతే అతని తర్వాత తల్లికి, మాజీ భార్యకు, కొత్త భార్యకు మధ్య మూడుముక్కల తగాదా మొదలవుతుంది.

క్యాంటీన్ కార్డు, మిలటరీ ఆసుపత్రి, రిటైరయ్యాక ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) వైద్యం, ఇవన్నీ భార్య హోదాతో వచ్చేవి. డిక్రీతో పోతాయి, పిల్లలకు ఉంటాయి. షుగరో కిడ్నీ జబ్బో ఉన్న భార్యకు ఈసీహెచ్ఎస్ పోవడమంటే నెలకు వేలల్లో భారం, భరణం అడిగేటప్పుడు ఆ లెక్క కూడా వేయాలి. క్వార్టర్ అతని పేరున ఇచ్చింది, అతనికి బదిలీ అయితే ఖాళీ చేయాల్సిందే. రోడ్డున పడే పరిస్థితి వస్తే గృహహింస చట్టం 19వ సెక్షన్ కింద వేరే ఇల్లు గానీ, అద్దె గానీ ఇప్పించమని మేజిస్ట్రేట్‌ను అడగవచ్చు.

పిల్లల కస్టడీ గురించి సైనికుడైనందుకు ప్రత్యేక రూలేమీ లేదు. అయిదేళ్ల లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే. తండ్రికి ఇచ్చే సమయాన్ని ప్రతి రెండో శనివారం అని రాస్తే సియాచిన్‌లో ఉన్నవాడికి అది దేనికీ పనికిరాదు. సెలవు రోజుల్లో వరసగా కొన్ని వారాలు, మిగతా రోజుల్లో వీడియో కాల్ అని ఒప్పందంలో స్పష్టంగా రాయించుకోవాలి.

ఆ ఒప్పందం సంగతి. పరస్పర అంగీకార విడాకుల్లో ఒకేసారి ఇచ్చే మొత్తం ఎంత, ఎప్పుడిస్తారు అన్నది రెండో పిటిషన్ నాటికి తేలిపోవాలి. జవాను చేతిలో పెద్ద మొత్తం సాధారణంగా రెండు చోట్ల ఉంటుంది: ప్రావిడెంట్ ఫండ్, రిటైర్మెంట్ నాడు వచ్చే డబ్బు. "రిటైరయ్యాక ఇస్తాను" అన్న మాట మీద డిక్రీకి ఒప్పుకుంటే, ఆ రోజుకు ఆమె భార్య కాదు, జీతం కోత లేదు, మళ్లీ అమలు పిటిషన్ వేసుకుని తిరగాలి. డిమాండ్ డ్రాఫ్టు జడ్జి ముందు చేతికి వచ్చాకే రెండో వాంగ్మూలం ఇవ్వాలి. విడతలుగా ఇచ్చేట్టయితే ప్రతి విడతకూ తేదీ, తప్పితే ఏమవుతుందో ఒప్పందంలోనే ఉండాలి. భర్త వైపు నుంచి కూడా ఒక జాగ్రత్త ఉంది. మొత్తం చెల్లించాక మనోవర్తి కేసు, గృహహింస కేసు, యూనిట్‌లో పెట్టిన దరఖాస్తు అన్నీ వెనక్కి తీసుకుంటున్నట్టు పేరుపేరునా రాయించుకోవాలి. పిల్లల పోషణ హక్కును మాత్రం తల్లి సంతకంతో రద్దు చేయడం కుదరదు.

ఇదంతా నడిపించడానికి లాయరు ఫీజు లేదంటే, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్తే చాలు. 2025 జూలైలో జాతీయ న్యాయ సేవాధికార సంస్థ సైనిక కుటుంబాల కోసం వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టింది. దాని కింద జిల్లా సైనిక బోర్డుల్లో న్యాయ సహాయ కేంద్రాలు పెడుతున్నారు. భార్యలే కాదు, సెలవు దొరకని జవానులూ అక్కడ అడగవచ్చు. వెళ్లేటప్పుడు ఆర్మీ నంబరు, పెళ్లి సర్టిఫికెట్, కోర్టు నోటీసుల కాపీలు, ఉంటే జీతం స్లిప్పు పట్టుకెళ్లాలి.